వెండిగొంతు పిట్ట, రెండు చుక్కల నూనె

ఆ ఆదివారం పొద్దున ఆ ఇంట్లో జరగాల్సిన పనులు మూడే. కాఫీ తాగడం, పేపరు చదవడం, పెరటి తలుపు కీలుకు రెండు చుక్కల నూనె వెయ్యడం. మొదటి రెండూ ఇంటాయన అనుకున్నవి, మూడోది ఇంటావిడ అనుకున్నది. మొదటి రెండూ ఏ లోటూ లేకుండా జరిగిపోయాయి.

"ఏమండీ, ఇవాళైనా ఆ తలుపుకి నూనె వేస్తారా?"

"చూద్దాం," అన్నారు ఆయన, పేపరు దించకుండానే.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది అరిగిపోకుండా భద్రంగా ఉంది, ఎవరూ వాడరు కనుక. నీటి సరఫరా ఆఫీసులో పైవాళ్ళూ కిందివాళ్ళూ అందరూ ఆయన్ను చూద్దాంగారనే పిలుస్తారు. పైపు పగిలి వీధి చెరువైందని ఫిర్యాదు వచ్చినా చూద్దాం, కుళాయిలో చుక్క రావడం లేదని జనం బిందెలతో వచ్చినా చూద్దాం. కాదన్న పాపాన ఎన్నడూ పోలేదు. చేసిన పుణ్యమూ కట్టుకోలేదు.

ఇక పెరటి తలుపు. అది ఎన్నో ఏళ్ళుగా అరుస్తోంది. బయటికి తోస్తే పొట్టిగా "కీచ్" అంటుంది. లోపలికి లాగితే "కీ...ర్ర్ర్చ్" అని సాగదీసి, చివర్లో తోక పైకెత్తుతుంది. నూనె ఇంట్లో లేకపోలేదు. ఇంటావిడ దర్జీ పని చేస్తుంది. ముందు గదిలో కుట్టు మిషను, మిషను పక్కనే సన్న ముక్కు నూనె డబ్బా. ఆ డబ్బా పట్టుకుని ఆవిడే రెండు చుక్కలు వేస్తే అయిపోయేది. కానీ కాపురానికి వచ్చిన కొత్తలో "ఆ తలుపు సంగతి నేను చూస్తాలే" అన్నది ఆయన. కాబట్టి ఆయనే చూడాలి. తను ముట్టదు, ఇంకొకర్ని ముట్టనివ్వదు. దీన్ని పంతం అంటే ఆవిడకు కోపం, సిద్ధాంతం అనాలి.

ఈ సిద్ధాంతానికి విరుగుడుగా చూద్దాంగారి చెవులు కాలక్రమాన ఒక విద్య నేర్చాయి. ముందు ఆ కీచుమన్న చప్పుడు వినిపించడం మానేసింది. తరువాత ఆ చప్పుడు గురించి భార్య అనే మాటలు వినిపించడం మానేశాయి. చివరికి ఏ వాక్యంలోనైనా "తలుపు" అన్న మాట వస్తే చాలు, అక్కడి నుంచి చెవులు వాటంతటవే మూతపడేవి. ఈ జబ్బుకు వైద్యశాస్త్రంలో పేరు లేదు గానీ కాపురాలు చేసే మగవాళ్ళలో చాలామందికి ఉంది.

అయితే ఆ ఆదివారం ఆయన పేపరు చదువుతున్నట్టు కనిపించడమే తప్ప చదవడం లేదు. గుండెల మీద ఒక కొండ కూర్చుని ఉంది. ఆ కొండ మీద ఒక పంపు హౌసు ఉంది. అక్కడి ఉద్యోగి రిటైరయ్యాడు, ఆఫీసులో ఎవరో ఒకరు వెళ్ళాలి. అక్కడ బడి లేదు, కొట్టు లేదు, పలకరించే మనిషి లేడు. ఇంటావిడకు ఆ మాట చెవిన పడినప్పటి నుంచి మిషను మీద సూదులు విరుగుతున్నాయి. ఈ ఊళ్ళో సగం మంది నడుం కొలతలు ఆవిడకు నోటికి వచ్చు. "కొండ మీద బట్టలు కుట్టించుకునేదెవరండీ, మోటారా?" అని అడిగింది.

బదిలీ ఆర్డరు మీద సంతకం పెట్టేది పెద్దసారు. పెద్దసారుకు పిట్టల పిచ్చి. పక్షుల సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. వెర్రి వెయ్యి విధాలంటారు, ఆయన వెర్రికి వెయ్యి రెక్కలు. ఆయన వచ్చాక ఆఫీసులో ఫైళ్ళ కంటే పిట్టల గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నారు. క్యాషియరు తన ఇంటి కిటికీ మీద వాలిన లకుముకిపిట్ట గురించి కళ్ళు తిప్పుతూ చెప్పి వారం సెలవు పుచ్చుకున్నాడు. చూద్దాంగారికి మాత్రం తెలిసిన పిట్టలు రెండే రకాలు, కాకి, కాకి కానిది.

శనివారం సాయంత్రం పెద్దసారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ అడిగారు. "మీ పెరట్లోకి ఏమేం పిట్టలొస్తాయండీ?"

"చూద్దాం సార్."

"చూసి సోమవారం చెప్పండి. ఆ పంపు హౌసు ఆర్డరు కూడా సోమవారమే సంతకం పెడతాను."

ఈ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి కూర్చున్న తీరు చూసి చూద్దాంగారికి ముచ్చెమటలు పట్టాయి.

అందుకని ఆయన పేపరు మడిచి, జీవితంలో మొదటిసారిగా, చూడ్డానికి పెరట్లోకి వెళ్ళారు. ఫోనులో పిట్టల కూత విని పేరు చెప్పే యాప్ ఒకటి వేసిపెట్టింది బావమరిది. స్కూటర్ల రిపేరు షెడ్డు నడిపే ఈ బావమరిది ప్రతి ఆదివారం పొద్దున్నే అక్కగారింటికి ఫలహారానికి వస్తాడు. చెయ్యి ఊరుకోదు. వదులుగా కనిపించిన ప్రతి నట్టూ బిగిస్తాడు. ఒకసారి పక్కింటివాళ్ళ కుళాయి కారకుండా బిగించాడు. అది మళ్ళీ తెరుచుకోలేదు. పెరటి తలుపును కూడా ఎప్పుడో బాగుచేసేవాడే. "దాని జోలికి పోయావంటే నా మీద ఒట్టే. అది మీ బావగారి పని," అని అక్క కట్టడి చేసింది కనుక ఊరుకున్నాడు.

చూద్దాంగారు బకెట్టు బోర్లించి, దాని మీద ఫోను నిలబెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నిమ్మచెట్టు మీద బొటనవేలంత పిట్టలు అటూ ఇటూ గెంతుతున్నాయి. మట్టిరంగువి కొన్ని, ఇంచుమించు మట్టిరంగువి కొన్ని. ఫోను విని చెప్పింది: పిచ్చుక. ఇంకోసారి విని చెప్పింది: పిచ్చుక. ఆయన దగ్గితే, గుర్తుపట్టలేకపోయానని చెప్పింది. పిచ్చుకలతో కొండ తప్పదని ఆయనకు తెలుసు. ఆఫీసులో ప్యూను కూడా పిచ్చుక స్థాయి దాటి ఎప్పుడో పైకి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఇంటావిడ చెత్తబుట్టతో బయటికి వచ్చింది. ఏదో డ్యాన్సు స్కూలు పిల్లలకు స్టేజి డ్రెస్సులు కుడుతోంది. గుడ్డపీలికలూ, తెగిన వెండిరంగు దారాలూ నిమ్మచెట్టు మొదట్లో దులిపింది.

ఫోను తెర వెలిగింది. *వెండిగొంతు పిట్ట. ఈ ప్రాంతంలో బహు అరుదు.*

చూద్దాంగారు లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి పడింది. "విన్నావా?"

"ఏంటి?"

"పాట! ఎంత కమ్మగా ఉందో!" ఆయనకేమీ వినపడలేదు. కానీ ఫోను విన్నాక ఇంటి యజమాని వినకపోతే ఏం మర్యాద?

"పాటేంటండీ, తలుపు చప్పుడది."

ఆ వాక్యంలో మొదటి మాట మాత్రమే ఆయనకు చేరింది. మిగతాది చెవి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "అవును, పాటే," అన్నారు తల ఊపుతూ.

ఆవిడ ఆయన్ను ఒకసారి ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఫోను మళ్ళీ వెలిగింది. అదే పిట్ట, ఈసారి సాగదీసిన పాట. ఇంకో రెండుసార్లు ఆవిడ బట్టలు ఆరెయ్యడానికి వచ్చి వెళ్ళేసరికి చూద్దాంగారి బుర్రలో ఒక పరిశోధన పూర్తయింది. ఆ పిట్టకు తన భార్య అంటే ప్రాణం. ఆవిడ వస్తే ఒక పాట, వెళ్తే ఒక పాట. ఆ మాటే చెప్పారు కూడా.

"పోనీలెండి, ఈ ఇంట్లో ఒకరికైనా ఉంది," అంది ఆవిడ గుడ్డలు పిండుతూ.

ఆయన ఆ కూతను ఫోనులో పట్టి పెద్దసారుకు పంపారు. నిమిషం తిరక్కుండా ఫోను మోగింది. అవతల పెద్దసారు గొంతు వణుకుతోంది.

"మీరు కదలకండి! పిట్టను కదల్చకండి! ఇంట్లో ఒక్క చప్పుడు రాకూడదు. సంఘం కార్యదర్శిగారిని తీసుకుని వచ్చేస్తున్నాను. ఎంత గుంభనంగా ఉంటారండీ మీరు! ఇంత చెవి పెట్టుకుని ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదు! ఆ పంపు హౌసు సంగతి కూడా అక్కడే మాట్లాడేసుకుందాం."

చూద్దాంగారు ఇల్లంతా ఒక చుట్టు పరిగెత్తారు. "ఒక్క చప్పుడు రాకూడదు! పిట్ట బెదిరిపోతుంది!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. వంటింట్లో ఫలహారం తింటున్న బావమరిది నమలడం ఆపి, "ఏ పిట్ట బావగారూ?" అన్నాడు. జవాబు చెప్పే తీరిక బావగారికి లేదు. భార్య దగ్గరకు వెళ్ళి చేతులు పట్టుకున్నారు.

"నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు. వాళ్ళు వచ్చాక ఊరికే పెరట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూ ఉండు. పిట్ట పాడుతుంది. కొండ తప్పుతుంది."

ఆవిడకు అప్పుడు మొత్తం అర్థమైంది. మాటలతో లాభం లేదని కూడా అర్థమైంది. మొగుడి మణికట్టు పట్టుకుని పెరటి గుమ్మం దాకా లాక్కెళ్ళి, ఆయన అరచేతిని తలుపు మీద ఆనించి, "కళ్ళు మూసుకోండి," అంది. తలుపును మెల్లగా తోసింది.

కీచ్.

లాగింది.

కీ...ర్ర్ర్చ్.

బకెట్టు మీద ఫోను రెండుసార్లు వెలిగింది. చూద్దాంగారు కళ్ళు తెరిచారు. ఎన్నో ఏళ్ళ చప్పుడు ఒక్కసారిగా చెవిలో పడేసరికి మనిషి తూలిపోయారు.

"ఇది... ఎప్పటి నుంచి?"

"మీరు చూద్దాం అన్న రోజు నుంచి."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఏమిటో ఆయనకు ఆ క్షణంలో తెలిసొచ్చింది. రెండు చుక్కల నూనెతో పోయేది, ఇప్పుడు పెద్దసారు కారెక్కి బయల్దేరింది. వెనక్కి ఫోను చేశారు. పెద్దసారు ఎత్తలేదు. కారు నడుపుతూ ఫోను ఎత్తే రకం కాదు, అన్నిట్లోనూ క్రమశిక్షణే.

"ఇప్పుడు తలుపని చెప్పేస్తే?" అని అడిగింది ఆవిడ.

"కొండే."

"అయితే పిట్టే," అంది ఆవిడ. దర్జీ మనిషి, కత్తెర పడ్డాక గుడ్డను చూసి ఏడవదు, ఉన్నదాంట్లో ఏం కుట్టొచ్చో చూస్తుంది. "మీరు వాళ్ళతో పెరట్లో కూర్చోండి. నేను తలుపు వెనక ఉంటాను. మీరు దగ్గండి, నేను తోస్తాను. నాలుగుసార్లు పాడించి పంపించేద్దాం. వాళ్ళు వెళ్ళేదాకా మాత్రం ఆ కీలు మీద ఒక్క చుక్క నూనె పడడానికి వీల్లేదు."

ఈ మాట ఆవిడ నోటి నుంచే వచ్చింది. కాలమహిమ.

ఇద్దరూ ముందు గదిలోకి వెళ్ళి, గుడ్డపీలికలు కాలితో మంచం కిందికి తోసి, కుర్చీలు దులిపారు. ఆ కాసేపట్లో పెరటి వైపు ఏం జరిగిందంటే, బావమరిది ఫలహారం ముగించి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. తలుపు కీచుమంది. అతనికి బావగారి కేక గుర్తొచ్చింది, ఒక్క చప్పుడు రాకూడదు. బావగారి బదిలీ ఒక పిట్ట మీద ఆధారపడి ఉందని వంటింట్లో విన్న ముక్కల్ని బట్టి గ్రహించాడు. ఆ పిట్ట ఈ దిక్కుమాలిన తలుపు చప్పుడుకు బెదిరి ఎగిరిపోతే? అక్క పెట్టిన ఒట్టు ఒక వైపు, అక్క కాపురం ఒక వైపు. అతను మంచివాడు, కాపురం వైపే మొగ్గాడు. మిషను దగ్గర నుంచి నూనె డబ్బా ఎప్పుడు తీశాడో ఎవరూ చూడలేదు.

వీధి గేటు తెరుచుకుంది. చప్పుడు కాలేదు. చూద్దాంగారు అది గమనించి ఉంటే కథ ఇంకోలా ఉండేది. కానీ గమనించడం ఆయన అలవాటు కాదు.

పెద్దసారు ఆకుపచ్చ చొక్కా, మెడలో బైనాక్యులర్సుతో గేటు దగ్గర నుంచే నడుం వంచి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చారు. వెనకాల కార్యదర్శి. ఆయన పళ్ళ డాక్టరు. నోరు తెరిపించి, దీపం వేసి చూస్తే గానీ ఏదీ నమ్మని మనిషి. ముగ్గురూ పెరట్లో కుర్చీల్లో కూర్చున్నారు. ఫోను బకెట్టు మీద కూర్చుంది.

చూద్దాంగారు దగ్గారు.

తలుపు మెల్లగా తెరుచుకుని, మెల్లగా మూసుకుంది. నిశ్శబ్దం.

మళ్ళీ దగ్గారు, ఈసారి గట్టిగా. తలుపు గట్టిగా తెరుచుకుంది. గాలి వచ్చింది తప్ప చప్పుడు రాలేదు.

"దగ్గకండి. బెదురుతుంది," అన్నారు పెద్దసారు గుసగుసగా.

లోపల ఇంటావిడ తలుపును విసనకర్రలా ఊపుతోంది. పక్కన బావమరిది చేతిలో డబ్బాతో నిలబడి, మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఎలా ఉందక్కా? వెన్నపూసలా తిరుగుతోంది కదూ!"

ఆవిడ డబ్బా వైపు చూసింది, కీలు వైపు చూసింది. కేక వెయ్యాల్సింది గుసగుసగానే అంది. "ఏం చేశావురా!"

"పిట్ట బెదరకూడదని. గేటుకి కూడా వేశాను. కిటికీలక్కూడా."

"నా ఒట్టు ఏమైందిరా?"

"నీ బాగు కోసమే కదక్కా తప్పాను."

ఆవిడ కొంగుతో కీలు తుడిచింది. సుద్దముక్క నలిపి పొడి దట్టించింది. బావమరిది ఒక పని చేశాడంటే సగంలో వదిలిన చరిత్ర లేదు, కీలు లోపలి దాకా నానిపోయింది. తలుపు ఇంకా సుతారంగా తిరిగింది. చేసిన తప్పు దిద్దుకుంటానని అతను వీధిలోకి పరిగెత్తి, తన స్కూటరును ఇంటి గోడ వారగా తెచ్చి బ్రేకు పట్టాడు.

ఫోను వెలిగింది. *బాతు.*

"ఈ పెరట్లో బాతుకి నీళ్ళెక్కడివి?" అన్నారు పళ్ళ డాక్టరు.

"నీటి సరఫరా ఉద్యోగి ఇల్లు కదండీ, ఉంటాయి," అన్నారు పెద్దసారు, కానీ నమ్మకం కాస్త సన్నబడింది.

లోపల ఇంటావిడ కత్తెర మొనతో కిటికీ అద్దం మీద గీసింది. ఫోను గుర్తుపట్టలేకపోయానంది. పళ్ళ డాక్టరు మాత్రం దవడ పట్టుకుని, "ఈ చప్పుడు నేనెక్కడో విన్నాను, రోజూ వింటాను," అన్నారు. ఆ తరువాత పెద్దసారు వైపు వంగి, "ఈ యాప్‌లను నమ్మలేం. మా ఆసుపత్రి కుర్చీ విని ఒకసారి గద్ద అంది. నన్నడిగితే ఇక్కడ పిట్టా లేదు, పాటా లేదు," అన్నారు.

పెద్దసారు ముఖంలో రంగులు మారాయి. ఆదివారం పొద్దున నిద్ర మానుకుని, నడుం వంచుకుని వచ్చిన మనిషి. బైనాక్యులర్సు మెడలోంచి తీసి పెట్టెలో పెట్టారు. మూత మూశారు. ఆ మూత చప్పుడు చూద్దాంగారికి బాగా వినిపించింది, ఇప్పుడు అన్నీ వినిపిస్తున్నాయి.

"సరేనండీ, రేపు ఆఫీసులో మాట్లాడదాం," అని పెద్దసారు లేచారు.

చూద్దాంగారికి కొండ కళ్ళముందు కనిపించింది. భార్య కొండ అంచున మిషను వేసుకుని, కుట్టడానికి ఎవరూ లేక, ఊరి వైపు చూస్తూ కూర్చున్నట్టు కూడా కనిపించింది. రెండు చుక్కలు. ఒక్కసారి లేచి రెండు చుక్కలు వేసి ఉంటే ఈ అవస్థ ఉండేదా అని నిజంగానే అనుకున్నారు.

అప్పుడు వినిపించింది.

కీచ్.

కాస్త ఆగి, కీ...ర్ర్ర్చ్. చివర్లో తోక పైకెత్తి మరీ.

చూద్దాంగారు తలుపు వైపు చూశారు. తలుపు మూసి ఉంది. కిటికీలో ఇంటావిడ రెండు చేతులూ బయటికే కనిపిస్తున్నాయి, నోరు తెరిచి ఉంది. ఆవిడ పక్కన బావమరిది, నేను కాదన్నట్టు చేతులు పైకెత్తాడు. చప్పుడు నిమ్మచెట్టు మీద నుంచి వచ్చింది.

ఫోను వెలిగింది. *వెండిగొంతు పిట్ట.*

పెద్దసారు పెట్టె మూతతో కుస్తీ పట్టి బైనాక్యులర్సు లాగారు. చిటారుకొమ్మ మీద మట్టిరంగు పిట్ట ఒకటి, బొటనవేలంతది, తోక ఆడిస్తూ మళ్ళీ అరిచింది. అచ్చం తలుపే. గొంతు కింద ఏదో తళుక్కుమంది.

"వెండి!" అన్నారు పెద్దసారు. ఆయన కళ్ళలో నీళ్ళు. "గొంతు మీద వెండి! చూడండి, చూడండి!"

పళ్ళ డాక్టరు బైనాక్యులర్సు అందుకుని చాలాసేపు చూశారు. "అదేదో దారం ముక్కలా ఉందండీ. గూటికి మోసుకెళ్తోంది. పిట్ట కూడా మామూలుదే. కొన్ని పిట్టలు ఏ చప్పుడు వింటే అది పట్టేస్తాయి..."

"దారమా! జీవితమంతా పళ్ళు చూసిన కళ్ళండీ అవి. పిట్టల్ని వదిలెయ్యండి."

దారం ఎక్కడిదో ఇంటావిడకు తెలుసు. ఏ పిల్ల డ్రెస్సుదో కూడా తెలుసు. ఏళ్ళ తరబడి ఆ చెట్టు మీద కూర్చుని తన తలుపు గోడు విన్నది ఎవరో కూడా ఆవిడకు ఇప్పుడు తెలిసింది.

పెద్దసారు చూద్దాంగారిని గట్టిగా కౌగిలించుకున్నారు. "చెవంటే మీదండీ! ఇన్ని పిచ్చుకల గోలలో ఒక్క గొంతు పట్టుకున్నారు!"

"ఏదో సార్," అన్నారు చూద్దాంగారు నేల చూపులు చూస్తూ. గండం గట్టెక్కిందన్న ధైర్యంతో ఇంకో మెట్టు ఎక్కారు. "చిన్నప్పటి నుంచీ చప్పుళ్ళంటే నాకు కాస్త శ్రద్ధ."

లోపల ఏదో కింద పడింది. ఇంటావిడ చేతిలోని కత్తెర.

"అదే నేనూ అనుకున్నాను," అన్నారు పెద్దసారు. "నిజం చెప్పాలంటే ఆ పంపు హౌసుకి మిమ్మల్ని పంపాలని నాకు లేనేలేదు. క్యాషియర్ని పంపుదామనుకున్నా. కానీ కొండ చుట్టూ అడవి! ఏ పిట్టలున్నాయో ఇంతవరకూ విన్నవాడు లేడు. మీలాంటి చెవి అక్కడ ఉండాలి. మీరే వెళ్ళండి. అరుదైనవి ఓ ఆరు నమోదు చెయ్యండి చాలు, మళ్ళీ మీ కుర్చీలో మీరు. ఇది బదిలీ కాదు, సత్కారం."

ఎలాగో కాలు నిలదొక్కుకున్న కొమ్మను చూద్దాంగారు తన చేత్తోనే నరుక్కున్నారు. ఈసారి "చూద్దాం" అనలేదు. వెంటనే మాట్లాడారు.

"సార్! నాకు పిట్టలు రావు సార్! అది పిట్ట కాదు, తలుపు!"

"ఏమిటీ?"

"మా పెరటి తలుపు సార్! ఏళ్ళుగా అరుస్తోంది! చూడండి!" పరిగెత్తుకెళ్ళి తలుపు తోశారు. లాగారు. తోశారు. లాగారు. తలుపు వెన్నపూసలా తిరిగింది. చెట్టు మీది పిట్ట ఆ తలుపు వైపు చూసి, జాలిపడినట్టు, కీచ్ అంది.

"ఈ పొద్దున దాకా అరిచింది సార్! కావాలంటే మా ఆవిణ్ణి అడగండి!"

"నిజమే సార్," అంది ఇంటావిడ బయటికి వచ్చి. "ఎన్నేళ్ళుగానో నూనె వెయ్యమని మొత్తుకుంటున్నాను. ఈయన ఒక్కసారి వేస్తే ఒట్టు."

పళ్ళ డాక్టరు తలుపు దగ్గరికి వెళ్ళి, కీలును పంటిని తట్టినట్టు తట్టి, వేలితో రాసి వాసన చూశారు. "నూనె ఉంది ఇక్కడ. కొత్త నూనె."

"చూశారా అమ్మా," అన్నారు పెద్దసారు చల్లగా. "నూనె వెయ్యలేదంటున్నారు, నూనె ఉంది. నూనె ఉన్న తలుపు ఎలా అరుస్తుంది?"

ఈ ప్రశ్నకు ఆ ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు ఉన్నవాడు డబ్బాను వీపు వెనక దాచుకుని కుళాయి చాటున నిలబడ్డాడు.

"నిజమైన జ్ఞాని ఇలాగే ఉంటాడు," అన్నారు పెద్దసారు కార్యదర్శితో గేటు వైపు నడుస్తూ. "పేరు తనకు రాకూడదని తలుపు మీదకి తోసేస్తున్నాడు."

వాళ్ళు వెళ్ళిపోయాక మొగుడూ పెళ్ళాం పెరటి మెట్టు మీద కూర్చున్నారు. పిట్ట గూటికీ చెట్టు మొదలుకీ తిరుగుతూ, వెళ్ళేటప్పుడొకటి వచ్చేటప్పుడొకటి అరుస్తోంది. చూద్దాంగారికి ప్రతి అరుపూ వినిపిస్తోంది.

"ఆ పిట్ట కూడా ఇన్నాళ్ళూ విని విని నేర్చుకుంది," అంది ఆవిడ. "మీరే వినలేదు."

ఆయన తల దించుకున్నారు. "తప్పయిపోయింది," అన్నారు చివరికి. పెళ్ళయిన తరువాత వాయిదా లేకుండా ఆయన చెప్పిన మొదటి మాట అదే. ఆవిడకు కోపం సగం దిగింది. మిగతా సగం అవసరానికి దాచుకుంది.

సోమవారం ఆర్డరు వచ్చింది. ఆదివారానికి బావమరిది ఒక లారీ మాట్లాడాడు. డ్యాన్సు స్కూలు డ్రెస్సులు పూర్తిచేసి ఇచ్చాక ఇంటావిడ మిషనుకు గుడ్డ చుట్టింది. ఈసారి చూద్దాంగారు ఎవరూ చెప్పకుండానే నూనె డబ్బా వెతికి, అన్నిటికంటే ముందు దాన్నే పెట్టెలో పెట్టారు. అది చూసి ఆవిడ ముఖం తిప్పుకుని నవ్వుకుంది.

కొండ మీద క్వార్టర్సు పాతబడి ఉంది. చుట్టూ చెట్లు, లోపల దుమ్ము. బావమరిది వీధి తలుపు తోశాడు. అది గొంతు పెద్దది చేసి, మూడు విరుపులతో అరిచింది. వంటింటి తలుపు సన్నగా ఈల వేసింది. స్నానాలగది తలుపు గురక పెట్టింది. పడకగదిదీ, సామాన్ల గదిదీ, పెరటిదీ దేని బాణీ దానిది.

"అబ్బో, తుప్పు పట్టి చచ్చాయి బావగారూ! మీరు కూర్చోండి, చిటికెలో పని," అని బావమరిది పెట్టె తెరిచి డబ్బా అందుకున్నాడు.

"ముట్టుకోకు!"

చూద్దాంగారు ఒక్క ఉరుకున వెళ్ళి డబ్బా లాక్కున్నారు. తరువాత గుమ్మంలో నిలబడి, తల ఒక పక్కకు వంచి, మళ్ళీ ఒక్కొక్క తలుపూ తోసి శ్రద్ధగా విన్నారు. వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. భార్య వైపు చూశారు. ఆవిడ అప్పటికే మిషను గుడ్డ విప్పడం ఆపి, తిరిగి చుట్టడం మొదలుపెట్టింది. ఆయన జేబులోంచి ఫోను తీశారు.

నెల తిరక్కుండా ఆరు అరుదైన పిట్టల్ని నమోదు చేసి చూద్దాంగారు ఇంటికి వచ్చేశారు గానీ, ఆ కొండ మీద అసలు పిట్టలున్నాయో లేవో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.